పుట్టిల్లు ఖాళీ చేసే రోజు

“చెప్పు. నీ నోటితో నువ్వే చెప్పు మీ అక్కకి,” అంది ఆంజినమ్మ.

బసప్ప చెప్పలేదు. నడింట్లో గొంతుక్కూర్చుని వంట బోకుల మూటకు తాడు బిగిస్తున్నాడు. బిగించిన ముడి తనకే నచ్చనట్టు విప్పి, మళ్ళీ బిగిస్తున్నాడు.

హేమావతి వంటింటి గడప దగ్గర కూర్చుని చింతచిగురులో పుల్లలు ఏరుతోంది. మోకాళ్ళు మడవలేక కాళ్ళు రెండూ బారజాపుకుంది. తమ్ముడి వైపు చూడలేదు. మరదలి వైపూ చూడలేదు. వేళ్ళు మాత్రం ఆగకుండా కదులుతున్నాయి. దావణగెరెలో ఆడపిల్లల హాస్టల్లో ఏళ్ళ తరబడి వంట చేసిన వేళ్ళవి. మనసు ఎక్కడున్నా వాటి పని అవి చేసుకుపోతాయి.

పుట్టిన ఇంటికి ఆమె తిరిగొచ్చి వారం కూడా కాలేదు. దిగిన రోజే నడింట్లో మూటలు కనిపించాయి. అటక మీది సామానంతా కింద ఉంది. గోడకు ఉండాల్సిన నాయన ఫోటో కంబళిలో చుట్టి ఉంది. ఏమిటివన్నీ అని అడిగితే, సున్నం కొట్టిద్దామని దింపినానక్కా అన్నాడు బసప్ప. హేమావతి నమ్మింది. నమ్మడమే కాదు, తన కోసమే ఇల్లు తెల్లగా చేయిస్తున్నారనుకుని లోలోపల మురిసిపోయింది. గోడల అడుగున ఎర్రమన్ను పట్టె వెడల్పుగా తీయించమని, అమ్మ అలాగే తీసేదని, రెండుమూడు సార్లు చెప్పింది కూడా. చెప్పినప్పుడల్లా బసప్ప తలూపాడు.

గొర్రెల దొడ్డి ఖాళీగా ఉందేమని అడిగితే, మంద మేతకు పైకి పోయిందన్నాడు. అదీ నమ్మింది. ఆ ఇంటి గొర్రెలు ఎండాకాలంలో కన్నడసీమ వైపు మేతకు పోవడం ఆమె చిన్నప్పటినుంచీ ఎరిగిందే.

ఈ పొద్దున బెంగుళూరు నుంచి వీరేష్ వచ్చాడు. బసప్పకు మిగిలిన ఒక్క కొడుకు, హేమావతికి మేనల్లుడు. వాకిట్లో చెప్పులు విడవకముందే, “ఇంగా సగం అట్లే ఉండాదే నాయనా? రేప్పొద్దునకి ఆటో మాట్లాడినా కదా,” అన్నాడు. ఆ తర్వాతే గడప దగ్గరున్న మేనత్తను చూసి నోరు మూసుకున్నాడు.

అప్పటికే మాట వాకిలి దాటి ఇంట్లోకి వచ్చేసింది.

“ఏం చెప్పేది?” అన్నాడు చివరికి బసప్ప, తాడుతో మాట్లాడుతున్నట్టు.

“మనము పోతాండామని చెప్పు. ఇంటికి బీగం ఏస్తాండామని చెప్పు. అది తెలిసి తెలిసి ఆమెను రమ్మని పిలిచినావని చెప్పు.” ఆంజినమ్మ గొంతు పెద్దది కాదు. అయినా ఆ రోజు గోడలకు తగిలి తిరిగొస్తోంది. ఇంట్లో సామాను లేకపోతే మాటలకు అలాంటి బలం వస్తుంది. “ఆమె సున్నం గురించి అడిగినప్పుడంతా నేను పొయ్యికాడికి పోయి దాంకుంటాండా. నా ఇంట్లో నేనే దొంగ మాదిరి తిరగతాండా.”

హేమావతి చేట పక్కన పెట్టింది.

“యాడికి పోతాండారు?” అని మాత్రం అడిగింది.

ఆ మాటకు జవాబు చెప్పడానికి వీరేషే ముందుకొచ్చాడు. అతను యలహంక దగ్గర ఒక కంపెనీకి వ్యాను తోలుతాడు. ఆ దారిలోనే ఒక అపార్టుమెంటు ఉంది. దానికి కాపలా మనుషులు కావాలన్నారట. మొగుడూపెళ్ళాలైతేనే పెట్టుకుంటారట. మగమనిషి గేటు దగ్గరుండాలి. ఆడమనిషి మెట్లు ఊడ్చి, పై అంతస్తులో ఒంటరిగా ఉండే ముసలావిడకు రెండు పూటలా వంట చేసిపెట్టాలి. మెట్ల కింద ఒక గది ఇస్తారు. ఇద్దరు పడుకుంటే మూడోవాళ్ళు కాలు చాపేందుకు ఉండదు. వీరేష్ తనే ఇంకో నలుగురితో కలిసి ఒక గదిలో ఉంటున్నాడు. గొర్రెలను పోయిన నెల గోరంట్ల సంతలో అమ్మేశారు. బోరు ఎండిపోయి రెండేళ్ళయింది. చీనీ పండ్ల చెట్లు కొట్టేశారు. చెనిక్కాయ పంట వేసినప్పుడల్లా విత్తనం ఖర్చు కూడా తిరిగి రాలేదు.

అన్నీ వరుసగా చెప్పాడు. ఏ ఒక్కటీ అబద్ధం కాదు. ఏ ఒక్కదాన్నీ ఎవరూ కాదనలేరు. హేమావతి అన్నింటికీ తల ఊపింది.

‘మరి నేనో?’ అని ఆమె అడగలేదు. అడగకపోయినా ఆ ప్రశ్న నడింట్లో మూటల మధ్య మరో మూటలా కూర్చుంది. హాస్టల్లో ఆమె ఉన్న గదిలోకి కొత్త వంటమనిషి అప్పుడే వచ్చేసింది. భర్త పోయి చాలా కాలమైంది. పిల్లలు లేరు. అత్తగారి ఊళ్ళో ఆమెను పేరుపెట్టి పిలిచేవాళ్ళు కూడా మిగల్లేదు. ఎక్కడికి పోతావని ఎవరైనా అడిగితే, మా ఊరికి అని గర్వంగా చెప్పి వచ్చింది.

“అత్తా, తప్పుగా అనుకోవద్దు,” అన్నాడు వీరేష్ నేల చూస్తూ. “హిందూపురం తట్టు ఒగ ఆశ్రమం ఉండాదంట. పెద్దోళ్ళను బాగా చూసుకుంటారంట. నేను కావాలంటే కనుక్కొని…”

“నోరు ముయ్యిరా.”

బసప్ప చేతిలోంచి మూట జారి, బోకులన్నీ ఒక్కసారిగా మోగాయి. అతను లేచి నిలబడ్డాడు. ఇంకేదో అంటాడని ముగ్గురూ చూశారు. అతను తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, గడప దాటి వెళ్ళిపోయాడు.

“చూసినావా వదినా?” అంది ఆంజినమ్మ. “నలభై ఏండ్లుగా ఇంతే. మాటనేది మేము, నడిచిపొయ్యేది ఆయప్ప.”

చింతచిగురు చేటలోనే వాడిపోయింది. ఆ పూట దాన్ని ఎవరూ వండలేదు.

*

తమ్ముడు ఎక్కడ ఉంటాడో హేమావతికి ఒకరు చెప్పక్కర్లేదు. ఎండ తగ్గేదాకా ఆగమని వీరేష్ అన్నా వినకుండా, గోడ పట్టుకుని లేచి, చేనుకు బయల్దేరింది.

మృగశిర కార్తె వచ్చి సగం గడిచిపోయింది. ఆకాశంలో మబ్బులు లేకపోలేదు. పొద్దున పడమట పుట్టి, మధ్యాహ్నానికి ఊరి మీదుగా నీడలు ఈడ్చుకుంటూ పోతున్నాయి. ఆ నీడ పడినప్పుడు ఎర్రనేల కాసేపు నల్లబడి, మళ్ళీ ఎర్రబడుతుంది. అంతకు మించి ఏమీ జరగదు. కంబాలకుంట ఊళ్ళో జనం మబ్బుల్ని చూడటం మానేశారు.

చేనంతా చీనీ మొద్దులే. మోకాలెత్తున నరికి వదిలేసిన మొద్దులు. గట్టు దగ్గర బోరు గొట్టం మీద ఒక బండరాయి పెట్టి ఉంది. దాని పక్క మొద్దు మీద బసప్ప కూర్చుని ఉన్నాడు. అక్కను చూసి లేచి, ఆ మొద్దును ఆమెకిచ్చి, తను నేలమీద కూర్చున్నాడు.

ఇద్దరూ నరికిన మొద్దుల కేసి చూస్తూ కూర్చున్నారు.

చిన్నప్పుడు ఇద్దరి మధ్యా ఇలాంటి మౌనాలు చాలా ఉండేవి. దీపావళి దాటగానే అమ్మా నాయనా మందతో పైకి పోయేవాళ్ళు. మళ్ళీ తొలకరికే రావడం. కళ్ళు కనిపించని అవ్వనూ, మాటలు సరిగా రాని తమ్ముణ్ణీ హేమావతి చేతిలో పెట్టిపోయేవాళ్ళు. ఆమెకు అప్పటికి పదకొండేళ్ళు. రాగులు విసిరింది, సంగటి కెలికింది, తమ్ముడికి జ్వరమొస్తే భుజాన వేసుకుని చిలమత్తూరు దాకా నడిచింది. తనకు ఆకలైనా, భయమైనా బసప్ప చెప్పేవాడు కాదు. వచ్చి ఆమె పావడా కొస పట్టుకుని నిలబడేవాడు. ఏమి కావాలో ఆమే కనుక్కోవాలి.

“నన్నెందుకు రమ్మంటివిరా?” అంది హేమావతి.

బసప్ప మట్టిపెళ్ళ ఒకటి తీసుకుని చేతిలో చిదిమాడు.

“నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను ఈడనే ఉంటి,” అన్నాడు. “చెట్లు కోసేవాళ్ళు మిషను పెట్టి కోస్తాండ్రి. నువ్వేమో, బసప్పా, ఇంగ నాకు చేత కాలేదు, ఇంటికొస్తా అంటివి. ఆ మోతలో నీకు ఇనపడాలంటే గట్టిగా అరిచి చెప్పాల. రావద్దక్కా అని అరిచేది ఎట్ల? నోరు రాలేదు. రా అని అరిచినా.”

“తర్వాతనన్నా చెప్పొచ్చు కదా.”

“దినమ్మూ అనుకుంటి చెప్పాలని.”

హేమావతికి కోపం వస్తే బాగుండుననిపించింది. కోపం ఉంటే లేచి నాలుగు మాటలని, సంచీ తీసుకుని ఏదో ఒక బస్సెక్కవచ్చు. అది రాలేదు. ఎదురుగా నెరిసిన గడ్డంతో, పగిలిన మడమలతో కూర్చున్న ఈ మనిషి ఇప్పటికీ పావడా కొస పట్టుకునే నిలబడి ఉన్నాడని అర్థమైంది. ఏమి కావాలో మళ్ళీ తనే కనుక్కోవాలి.

“మీరు పోండి,” అంది. “నేను ఈ ఇంట్లోనే ఉంటా. దీపం పెట్టుకొని పడుంటా.”

“నీళ్ళో?”

ఆమె చూపు బోరు గొట్టం మీదికి పోయింది. వచ్చిన రోజు నుంచి చూస్తూనే ఉంది. కొళాయికి నీళ్ళు ఎప్పుడొస్తాయో తెలియదు. వచ్చిన రోజు ఊరంతా దిగువ వీధిలో బిందెలు వరుసపెట్టి నిలబడాలి. అక్కడినుంచి ఇంటిదాకా ఎక్కుడు దారి. ఖాళీ బిందెతో ఎక్కడానికే ఆమె మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు. ఈ వారం ఆమె స్నానానికి ఆంజినమ్మ తెచ్చిన నీళ్ళన్నీ ఇప్పుడు ఒక్కసారిగా గుర్తొచ్చి, సిగ్గేసింది.

“పక్కింట్లో బయమ్మ ఉండాది కదా. ఒగ కడవ తెచ్చిపెట్టదా?”

“బయమ్మకే ఎవరన్నా తెచ్చియ్యాల.” బసప్ప మట్టి దులుపుకున్నాడు. “నీళ్ళొగటేనా? మిద్దెకు చౌడుమన్ను ఎవరు పోస్తారు? యాటా పొయ్యకపోతే రెండు వానలకు కూలబడతాది.”

“వాన పడితే కదరా.”

ఆ మాటకు ఇద్దరికీ నవ్వొచ్చినంత పనయింది. రాలేదు.

“నేనే పోనులే,” అన్నాడు బసప్ప ఉన్నట్టుండి. “ఈరేష్‌కి చెప్పేస్తా. వాచ్‌మనూ వద్దు, ఏమీ వద్దు. ఈడనే ఉందాము ముగ్గురమూ.”

ఆమె అతని మొహంలోకి చూసింది. ఆ క్షణంలో అతను నిజంగానే అనుకుంటున్నాడు. ఇంటికి పోయేదాకా అనుకుంటాడు. వాకిట్లో కొడుకును చూడగానే ఆ మాట గొంతులో ఎక్కడో దిగబడిపోతుంది. పోను అని చెప్పడు. అలాగని సంతోషంగా పోనూ పోడు. ఉంటే మాత్రం ముగ్గురూ ఏమి తినాలి?

“లెయ్,” అంది హేమావతి. “నన్ను రోంత పట్టుకో. కాలు తిమ్మిరెక్కింది.”

*

సందెవేళకు ఆంజినమ్మ పొయ్యి ముందు కూర్చుంది. ఒక్క సంగటి కుండ, ఒక్క తెడ్డు, నాలుగు పళ్ళేలు తప్ప మిగతా వంటసామానంతా మూటల్లోకి వెళ్ళిపోయింది. మిద్దె కప్పులో గవాచి నుంచి పడిన చివరి వెలుతురు ఆమె వీపు మీద ఉంది.

తెడ్డు ఇటివ్వమని, తను కెలుకుతానని హేమావతి చెయ్యి చాపింది. ఆంజినమ్మ ఇవ్వలేదు. ఈ వారంలో వంట ఒక్కపూట కూడా ఆమె వదినకు ఇవ్వలేదు. మొదట్లో అది మర్యాద అనుకుంది హేమావతి.

“నేను ఈడనే ఉంటానని చెప్పినా మీ ఆయనకి,” అంది. “మీరు నా గురించి ఆలోచన పెట్టుకోవద్దు ఆంజినమ్మా. నా ఇంట్లో నేను ఉండేదానికి నాకేం భయం?”

తెడ్డు ఆగింది.

“నీ ఇల్లు,” అంది ఆంజినమ్మ.

హేమావతికి వెంటనే అర్థం కాలేదు.

“వారం నుంచి ఇంటాండా వదినా. ఈడ నా ఉయ్యాల కట్టినారు అంటివి. ఆడ నాయన కూచునేవాడు అంటివి. ఈ గూట్లో అమ్మ పసుపు పెట్టేది అంటివి. నేను ఆ గూట్లో అగ్గిపెట్టె పెట్టుకుంటే తీసి పక్కన పెడితివి. నేను ఏమన్నా అంటినా?” ఆమె తిరిగి చూడకుండానే మాట్లాడుతోంది. “నువ్వు ఈ ఇంట్లో ఉండింది పదిహేడేండ్లు. పెండ్లయి పోతివి. పండగకీ పబ్బానికీ వచ్చి, చీర పెట్టించుకొని పోతివి. నేను వచ్చి నలభై ఏండ్లు కావొస్తాంది. ఆ మూలలో నాకు ముగ్గురు పుట్టినారు. ఒగడు మిగిలినాడు. కడమ ఇద్దరూ ఆ చేన్లోనే ఉండారు, నువ్వు మధ్యాన్నం పోయి కూచున్న గట్టు కింద. నీకు తెలుసా అది?”

హేమావతికి తెలుసు. తెలుసు అంటే, ఎప్పుడో దావణగెరెకు కబురు వచ్చింది. రెండుసార్లూ హాస్టల్లో సెలవు దొరకలేదు. రాలేకపోయింది. తర్వాత వచ్చినప్పుడు ఎవరూ ఆ మాట ఎత్తలేదు, ఆమె కూడా అడగలేదు.

“నేను ఆ ఉద్దేశంతో అనలేదు ఆంజినమ్మా.”

“ఏ ఉద్దేశంతోనూ అనలేదు నువ్వు. నాకు తెలుసు. నువ్వు మంచిదానివి.” ఆ మాట తిట్టినట్టే ఉంది. “నీకు ఇంటి మీద బెంగ ఉండాది. అందరికీ అగపడతాంది అది. మా ఆయప్పకు ఏడుపొస్తాంది నిన్ను చూసి. నాకు బెంగ ఉండాదా లేదా అని ఎవరన్నా అడిగినారా? మూట కట్టమన్న్యారు, కట్టినా. గొర్రెలు తోలుకుపోతాంటే వాకిట్లో నిలబడినా. నా కొడుకు చెప్పినాడు, మా ఆయప్ప గమ్మునున్నాడు. అంతే.”

సంగటి అడుగంటుతున్న వాసన వచ్చింది. ఆంజినమ్మ కుండ దించి, చేతులు తడిచేసుకుని ముద్దలు చేయడం మొదలుపెట్టింది. వేడికి వేళ్ళు కాలుతున్నా ఆపలేదు. హేమావతి పళ్ళేలు ఒక్కొక్కటే ముందుకు జరిపింది. ఏదో ఒకటి అనాలనిపించింది. చేతనైన ఏ మాటా ఆ మూల దాకా పోదనిపించింది.

నలుగురూ కూర్చుని ఊరిబిండి నంజుకుని తిన్నారు. వీరేష్ ఆటో ఎన్నింటికి వస్తుందో చెప్పాడు. చెక్‌పోస్టు దాకా ఆటో, అక్కడినుంచి బస్సు. నేను పోను అనే మాట బసప్ప అనలేదు. హేమావతి దాని కోసం చూడనూ లేదు.

*

ఓబుళేసు సామాన్ల ఆటో తెల్లగా వెలుతురు రాగానే వాకిట్లోకి వచ్చి నిలబడింది. నులక మంచాలు, మూటలు, గోనెసంచులు ఎక్కించడానికి ఎక్కువసేపు పట్టలేదు. నలభై ఏళ్ళ కాపురం ఆటోలో మూడొంతులు కూడా నిండలేదు. హేమావతికి ఒక మంచం, ఒక బిందె, రెండు గిన్నెలు, రాగిపిండి వదిలారు. పక్కింటి బయమ్మ నడుం పట్టుకుని వచ్చి, మేము లేమా, చూసుకోమా అని ధైర్యం చెప్పి, చెబుతూనే అరుగు మీద కూలబడి ఆయాసపడింది.

వీరేష్ తన మేనత్తకు ఫోన్ నంబరు గోడమీద బొగ్గుతో పెద్దగా రాసిపెట్టాడు. పదిరోజులకోసారి వస్తానన్నాడు. అతని గొంతులో మోసం లేదు. అతను రాలేడని ఆ వాకిట్లో అతనితో సహా అందరికీ తెలుసు.

బీగం చెవి బసప్ప జేబులో ఉంది. అక్క ఇంట్లోనే ఉంటుంటే బీగం ఎందుకో అతనికీ తెలియదు. రెండుసార్లు బయటికి తీశాడు, మళ్ళీ జేబులో వేసుకున్నాడు. చివరికి ఆమె పాదాలు తాకి, పోయి ఆటో వెనక, మూటల ముందున్న బల్ల మీద కూర్చున్నాడు.

ఆంజినమ్మ పెట్టెలోంచి తీసిన ముదురాకుపచ్చ పట్టుచీర కట్టుకుంది. బయమ్మ దగ్గర సెలవు తీసుకుంది. వదిన ముందు నిలబడి, “పొయ్యొస్తా,” అంది. వచ్చి మొగుడి పక్కన కూర్చుంది. ఓబుళేసు ఆటో స్టార్ట్ చేశాడు.

“రోంత ఉండప్పా,” అంది ఆంజినమ్మ. “నీళ్ళు తాగొస్తా.”

దిగి లోపలికి పోయింది.

ఓబుళేసు ఇంజను ఆపలేదు. వీరేష్ వాచీ చూసుకున్నాడు. కాసేపటికి, “అమ్మా,” అని కేకేశాడు. పలుకు లేదు. ఇంకోసారి పిలిచి, విసుక్కుంటూ లోపలికి పోబోతుంటే హేమావతి ఆపింది. తను పోయి చూస్తానంది.

ఆంజినమ్మ వంటింట్లో ఉంది. పట్టుచీర కొంగు నడుముకు దోపుకుని, పొయ్యి ముందు కూర్చుని, నిన్నటి బూడిద ఎత్తిపోస్తోంది.

“ఆంజినమ్మా, టైమైతాంది.”

“పొమ్మని చెప్పు వదినా. నేను రాను.”

హేమావతి గోడ పట్టుకుంది. “ఏమంటాండావు? ఇద్దరూ పోతేనే కదా ఆ పని ఇచ్చేది. నా కోసరం ఉండొద్దు. నీ కాళ్ళు పట్టుకుంటా, లెయ్.”

“నీ కోసరం ఎవరుంటాండారు?” ఆంజినమ్మ తలెత్తింది. ఏడవడం లేదు. కోపం కూడా లేదు. రాత్రంతా ఆలోచించి తేల్చుకున్న మనిషిలా లేదు. కూర్చున్నాక లేవలేకపోయిన మనిషిలా ఉంది. “ఆటోలో కూచున్న్యా. బాగనే కూచున్న్యా. బండి కదిలితే ఇంగ దిగలేనని తెలిసిపాయ. కాళ్ళు దిగినాయి. నేనేం చేసేది?”

గడప దగ్గర వీరేష్ నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో. అతను మొదట బతిమాలాడు. తర్వాత గట్టిగా మాట్లాడాడు. నాలుగు నెలలు తిరిగి సంపాదించిన చోటు ఇదని, ఈపొద్దు మధ్యాహ్నం లోపల చేరకపోతే ఇంకొకరిని పెట్టుకుంటారని, ఈ రాళ్ళ మధ్య ఏముందని ఇక్కడ కూర్చుంటావని అడిగాడు. ఆంజినమ్మ ప్రతిదానికీ తల ఊపింది, నిన్న హేమావతి ఊపినట్టే. పుల్లలు విరిచి పొయ్యిలో పెట్టడం మాత్రం మానలేదు.

హేమావతి ఎవరి పక్షాన ఏమి చెప్పాలో తెలియక నిలబడింది. ఉండమంటే తమ్ముడి బతుకు పోతుంది. పొమ్మనడానికి తనెవరు? ఆ మాట ఆంజినమ్మ అననక్కర్లేదు. నిన్ననే అనేసింది.

వీరేష్ జేబులో ఫోన్ మోగింది. నంబరు చూసి అతని మొహం మారిపోయింది. వాకిట్లోకి నడిచి, ఎత్తి, కన్నడంలో వినయంగా మాట్లాడటం మొదలుపెట్టాడు. హేమావతి అతని వెనకే వీధిగడప దాకా వచ్చింది. హేమావతికి ఆ భాష అంతా వచ్చు. సగం బతుకు దాంట్లోనే గడిచింది. అవతలి మనిషి, బయల్దేరారా లేదా, ఇద్దరూ వస్తున్నారా అని అడుగుతున్నాడని వీరేష్ మాటలను బట్టి అర్థమైంది.

వీరేష్ ఇంటి వైపు చూశాడు. తలుపులోంచి పొయ్యి ముందున్న తల్లిని చూశాడు. ఆ చూపు అక్కడినుంచి జరిగి మేనత్త మీదికొచ్చి నిలిచింది. ఆమె మోకాళ్ళ మీదికి పోయి, మళ్ళీ మొహం మీదికి వచ్చింది.

“హౌదు సార్,” అని అవునన్నాడు. “ఇద్దరూ వస్తున్నారు. బయల్దేరాం.”

ఫోన్ జేబులో వేసుకున్నాడు.

“అత్తా,” అన్నాడు. “వాళ్ళు అడిగింది ఒగ మగమనిషి, ఒగ ఆడమనిషి. నీకు వంట వచ్చు. కన్నడము వచ్చు. మెట్లు రోంత కష్టమే. నేను సెలవు దినాల్లో వచ్చి ఊడుస్తా. అక్కా తమ్ముడని చెప్పుకుందాము. చూద్దాములే ఏమంటారో. అమ్మ మనసు మారేదాకా. నాలుగు దినాలు.”

హేమావతి నోరు తెరిచింది. ఆమె మొన్నటిదాకా ఆడపిల్లల గదుల మధ్య, ఊరికాని ఊళ్ళో, ఇంకొకరి పొయ్యి ముందు నిలబడి వచ్చిన మనిషి. అక్కడ ప్రతి సాయంత్రం కళ్ళు మూసుకుంటే ఈ వాకిలే కనిపించేది. ఇక ఎవరికీ వండనక్కర్లేదని, ఈ అరుగు మీద కూర్చునే ప్రాణం వదిలితే చాలని అనుకుని వచ్చింది. ఆ మాటలన్నీ లోపల ఉన్నాయి. బయటికి ఒక్కటీ రాలేదు.

తమ్ముడైనా వద్దంటాడేమోనని ఆటో వైపు చూసింది.

బసప్ప అంతా విన్నాడు. అక్క వైపు తిరగలేదు. ఇంటి వైపు కూడా తిరగలేదు. ఎదురుగా దారినే చూస్తూ, బల్ల మీద కూర్చున్నచోటు నుంచి నెమ్మదిగా పక్కకు జరిగి, ఆమెకు చోటు చేశాడు.